నాణెం పెట్టిన చెయ్యి

పోర్చుగల్ దక్షిణ తీరం,
ఏప్రిల్, 1977

అక్కా,

మేం బతికే ఉన్నాం. వ్యానే చచ్చింది. సరిహద్దు దాటగానే పొగలు కక్కి రోడ్డు పక్కన కూలబడింది. ఫెర్మిన్ బావ దిగి ఒక తన్ను తన్నాడు, నేనూ తన్నాను, మళ్ళీ తన్నాడు. సిగ్గుపడిందో ఏమో, కదిలింది.

ఈ ఉత్తరం అమ్మకు కూడా చదివి వినిపించు. నాన్న జీవితమంతా ఆటగాళ్ళ కర్రల సంచి మోసిన మైదానంలో ఆవిడ ఒక్కసారీ అడుగు పెట్టలేదు కాబట్టి అన్నీ విడమరిచి రాస్తున్నాను. యూరప్ అంతా తిరిగే ఈ గోల్ఫ్ పోటీలు శరత్కాలం దాకా సాగుతాయి. అన్నీ అయ్యాక మొదటి అరవై మందిలో బావ పేరుంటే వచ్చే ఏడాది ప్రతి పోటీకీ నేరుగా పిలుపు వస్తుంది. లేదంటే మీసాలు కూడా రాని కుర్రాళ్ళతో సోమవారం సోమవారం అర్హత ఆటల్లో కొట్టుకుని చోటు సంపాదించుకోవాలి. నిరుడు కొద్దిలో తప్పిపోయింది. నలభై దగ్గరపడ్డ మనిషి, ఇంకెన్నాళ్ళు కొట్టుకుంటాడు?

నా సంగతి నీకు తెలిసిందే. శీతాకాలానికి తిరిగొస్తే మన మొరేడో క్లబ్బులో నాన్న చేసిన పని నాకిస్తామన్నారు, సంచులు మోసే క్యాడీలందరికీ మేస్త్రిగా. చదువు నాకు రాలేదు, ఆడదామంటే చెయ్యి తిరగలేదు, పడవెక్కితే కడుపులో తిప్పుతుంది. వచ్చిందల్లా సంచి మొయ్యడమే. క్యాడీల గదిలో నాన్న కుర్చీలో కూర్చుంటే నాకింకేం అక్కర్లేదు.

మొదటి పోటీలోనే బావ బాగా ఆడాడు. ఒకటే చిక్కు, నడుము పట్టేసిందట. గుంట దగ్గరి నున్నటి పచ్చిక మీదికి బంతి చేరాక వంగలేకపోతున్నాడు. "ఒరేయ్ బావమరిదీ, కాస్త నువ్వు వంగరా" అన్నాడు. అమ్మా, విను: అక్కడ బంతి వెనక ఒక నాణెం పెట్టి, బంతి తీసి తుడిచి, మళ్ళీ నాణెం ముందు సరిగ్గా అదే చోట పెట్టి, నాణెం తీసెయ్యాలి. ఎవరు తీశారో వాళ్ళే పెట్టొచ్చు, నియమం ఒప్పుకుంటుంది. అలా వంగీ లేచీ బావ నడుం నొప్పి నాకొచ్చింది.

ఇక్కడి చేపల కూరలో కొత్తిమీర తప్ప ఇంకేమీ ఉండదు.

తమ్ముడు
ఎలాదియో

*

మొరేడో,
మే

ఒరేయ్ లాడీ,

నీ ఉత్తరం అమ్మకు చదివాను. "నాణెం పెట్టి తియ్యడానికి అంత దూరం పోయాడా" అని, గంప పట్టుకుని ఆల్చిప్పలు ఏరడానికి వెళ్ళిపోయింది. ఆటుపోటు ఆవిడ కోసం ఆగదు కదా.

నాకు మాత్రం నవ్వు రాలేదు. నాన్న నీకు నేర్పింది ఇదేనా? మొరేడో క్యాడీ ఆటలో ఉన్న బంతిని ముట్టుకోడు. నియమం ఒప్పుకుంటే ఒప్పుకోనీ, మనవాళ్ళు ముట్టుకోరు. ఆటగాడు చేతికిస్తే తుడిచి, మళ్ళీ అతని చేతికే ఇస్తారు. పెద్ద పెద్ద దొరలు అడిగినా నాన్న చేతులు వెనక్కి కట్టుకుని నిలబడేవాడు. అలా నిలబడే ఒకాయన దగ్గర పని పోగొట్టుకున్నాడని కూడా నీకు తెలుసు. ఊళ్ళో ఎవరికైనా ఈ సంగతి తెలిస్తే మేస్త్రి పని మాట అలా ఉంచి, బారులో నీ పక్కన కూడా కూర్చోరు.

ఇంకో మాట. మీ బావ ఇక్కణ్ణుంచి బయల్దేరిన పొద్దున పక్కింటివాళ్ళ పడవను ఒక్కడే ఒడ్డుకు లాగాడు. ఆ నడుము దారిలో ఎక్కడ పట్టింది?

నేను బాగానే ఉన్నాను. తిన్నది ఇముడుతోంది. ఈసారి నిలుస్తుందనే అంటున్నాడు డాక్టరు. నిరుటి సంగతి ఇంట్లో ఎవరూ ఎత్తడం లేదు, నువ్వూ ఎత్తకు. కాన్పు అక్టోబరులో అన్నారు. అప్పటికి ఇద్దరూ ఇంటికి రండి, ఉత్త చేతులతో వచ్చినా సరే.

మీ అక్క
రెమెదియోస్

*

మిలాన్ దగ్గర,
జూన్

అక్కా,

ఇది అమ్మకు చదవకు.

మధ్యాహ్నం దాటేసరికి గుంటల దగ్గరి పచ్చిక ఎలా ఉంటుందో నీకు తెలుసు. పొద్దుటి నుంచి నడిచినవాళ్ళ మేకుల బూట్లు గడ్డిని లేపేసి ఉంటాయి. బంతి దారిలో అలాంటి కుచ్చు ఒకటి అడ్డం వస్తే చేత్తో అణచకూడదు, కర్రతో తట్టకూడదు, నీ ఖర్మ అనుకుని కొట్టాలి. శనివారం బావ బంతికి సరిగ్గా అలాంటిది ఎదురొచ్చింది. నేను జెండా పట్టుకుని దూరంగా ఉన్నాను. బావే వంగాడు, ఏ నొప్పీ లేకుండా వంగాడు. నాణెం పెట్టాడు, బంతి తీశాడు, పెట్టాడు. నేను వెనక్కొచ్చి చూసేసరికి గడ్డి కుచ్చు దారిలో లేదు. గడ్డి ఎక్కడికీ పోదు కదక్కా. బంతే జరిగింది, ఒక బొటనవేలంత.

నా కళ్ళే మోసం చేశాయనుకున్నాను. తర్వాతి గుంట దగ్గర నన్ను పిలిచి "నువ్వే పెట్టు" అన్నాడు. నేను వంగుతుంటే నా వెనక నిలబడి నెమ్మదిగా "కాస్త ఎడమకి" అన్నాడు. వాలు గురించి అంటున్నాడేమో అనుకుందామని చూశాను. నా చెయ్యి జరిగిందో లేదో ఒట్టేసి చెప్పలేను. జరిగిందనే అనుకుంటున్నాను.

వ్యానులో అడిగేశాను. పగలబడి నవ్వాడు. "నీకు కళ్ళజోడు కొనిపెట్టాలిరా. తమ్ముడికి చూపు మందగించిందని మీ అక్కకు రాయి" అన్నాడు. ఇదిగో, రాశాను. ఆ పోటీలో బాగా పైకొచ్చాడు. అరవైలోకి చేరాడు కూడా.

ఎలాదియో

*

మొరేడో,
జూన్

లాడీ,

నీ ఉత్తరం చదివి ఒళ్ళు మండింది. దాచుకోను. ఆటగాళ్ళ పరీక్షలో నువ్వు తప్పావు, అతను నెగ్గాడు. అప్పటి నుంచీ నీ కడుపులో ఏదో ఉందని నాకు ఎప్పుడూ అనుమానమే. జెండా పక్కన నిలబడి బొటనవేలంత తేడా కనిపెట్టావా? అంత చూపుంటే నువ్వే ఆడి గెలవకపోయావా?

అతను రాళ్ళ మీద గాలిలో వానలో నేర్చుకున్న మనిషి. ఒక్క విరిగిన కర్ర తప్ప చేతిలో ఇంకేం లేకుండా నేర్చుకున్నాడు. అలాంటివాడికి బంతి జరపాల్సిన అవసరం ఏముంది?

ఇంత రాసి పొయ్యి దగ్గరికి వెళ్ళి వచ్చాను. నువ్వు అబద్ధం చెప్పవని నాకు తెలుసు. అందుకే ఇంత కోపం. నువ్వు మాత్రం ఆ నాణెం పట్టుకోకు. నీకూ నడుము పట్టేసిందని చెప్పు. జ్వరమని చెప్పు. ఏదో ఒకటి చెప్పి చేతులు జేబుల్లో పెట్టుకో.

రెమె

*

పారిస్ శివార్లు,
జూలై

అక్కా,

నువ్వు తిట్టినందుకు కోపం లేదు. పరీక్ష సంగతి ఎత్తావు, అది మాత్రం గుచ్చుకుంది. పోనీలే.

నడుం నొప్పి నాటకం ఆడాను. మర్నాడు పొద్దున బావ నాకు కొత్త బూట్లు తెచ్చి, తనే కూర్చుని తాళ్ళు కట్టాడు. "నాకు సొంత తమ్ముడున్నా నీలా చూసుకోడురా" అన్నాడు. అందరూ టిఫిను చేస్తున్న చోట, ఆటగాళ్ళూ క్యాడీలూ వింటుండగా, నా భుజం మీద చెయ్యేసి పెద్దగా చెప్పాడు: "పచ్చిక మీద అంతా మావాడిదే. నాణెం వాడిదే, బంతి వాడిదే. నేను ముట్టనే ముట్టను." అందరూ నావైపు చూశారు. నిజం చెప్పొద్దూ, కాసేపు పొంగిపోయాను. తర్వాత ఏం తిన్నానో గుర్తు లేదు. ఆ రోజు నుంచీ నాణెం మళ్ళీ నా చేతిలోనే.

ఇప్పుడు నేను క్యాడీల గదిలోకి వెళ్తే మాటలు ఆగిపోతున్నాయి. ఐర్లండు ముసలాయన, మొన్నటిదాకా తన రొట్టె సగం నాకు పెట్టినవాడు, సంచి సర్దుకుంటున్నట్టు అటు తిరుగుతున్నాడు. యెన్స్ అని డెన్మార్కు ఆటగాడు ఒకడున్నాడు, పొడుగ్గా, మాటా పలుకూ లేకుండా. కలిసి ఆడేవాళ్ళను గుంపులు కట్టినప్పుడు బావతో పాటే అతని పేరు వస్తోంది. తన బంతి చూసుకోవడం మానేసి నా చేతులు చూస్తున్నాడు. నేను వంగితే అతనూ ఆగుతాడు, లేస్తే కదులుతాడు. కేకలేసినా బాగుండేది.

ఇక్కడ ఆటకు తీర్పరులు వెంట నడవరు. ఎవడి తప్పు వాడే ఒప్పుకోవాలి, ఎవడి లెక్క పక్కవాడు రాయాలి. అంతా నమ్మకం మీద నడిచే ఆట. ఆ నమ్మకంలో నేను కన్నం పెడుతున్నానని తెలిసి కూడా రోజూ లేచి సంచి భుజానికెత్తుకుంటున్నాను.

లాడీ

*

మొరేడో,
ఆగస్టు

లాడీ, ఉత్తరం అందగానే రైలెక్కు.

మీ బావ బారుకు ఫోన్ చేశాడు. నన్ను పిలిపించి మాట్లాడాడు. ఎన్నడూ లేనంత ప్రేమగా మాట్లాడాడు. నా ఆరోగ్యం అడిగాడు, అమ్మ మోకాళ్ళు అడిగాడు, ఆఖర్న అన్నాడు: "మీవాడి చెయ్యి ఈ మధ్య నిలకడగా ఉండటం లేదు. తాగుతున్నాడేమో అని భయంగా ఉంది. నాకేమో వంగడం కుదరదు, వాడి మీదే ఆధారపడ్డాను. ఏదైనా తేడా వస్తే వాడి బతుకేమవుతుందా అని నా బెంగ."

బెంగట. ఫోన్ పెట్టేశాక అక్కడే కూర్చుండిపోయాను. బారు నడిపే కార్మిన మంచినీళ్ళిచ్చింది. నీకింకా అర్థం కాలేదా? తేడా రాకముందే అక్కడ అందరికీ చెప్పి పెట్టాడు, ఇక్కడ నాకు చెప్పి పెట్టాడు. తప్పు బయటపడిన రోజున అది ఎవరి మీద పడాలో ఎప్పుడో నిర్ణయమైపోయింది. వాడు నా మొగుడు, నా కడుపులో వాడి బిడ్డ ఉంది, అయినా రాస్తున్నాను. వచ్చెయ్యి. సంచి అక్కడే పడేసి వచ్చెయ్యి. పరువు పోతుందని ఆలోచించకు. బిడ్డ సంగతి, నా సంగతి నేను చూసుకుంటాను.

నువ్వు తాగడం లేదు కదా?

రెమె

*

హాంబర్గ్ దగ్గర,
ఆగస్టు చివర

అక్కా,

రాలేకపోయాను. తాగలేదు. పోటీలు సగంలో ఉండగా సంచి వదిలేసి వచ్చిన మొరేడోవాణ్ణి ఒక్కణ్ణి చూపించు. అదొకటి. రెండోది, బావ ఇంకా అరవైలోనే ఉన్నాడు, ఇంకో రెండు మూడు పోటీలు గట్టెక్కితే నీకూ బిడ్డకూ నిశ్చింత అనుకున్నాను. తెలివితక్కువవాణ్ణి అను, ఇంకేమైనా అను.

శుక్రవారంతో అంతా అయిపోయింది. వాన పడి వెలిసింది. నేను బంతి పెట్టి లేవబోతుంటే యెన్స్ వచ్చి నా ముందు నిలబడ్డాడు. "చెయ్యి తియ్యకండి" అన్నాడు, చాలా మర్యాదగా. పెద్ద అధికారిని పిలిపించాడు. తడి గడ్డిలో బంతి మొదట నొక్కుకున్న ఆనవాలు అలాగే ఉంది. నేను పెట్టింది దాని పక్కన. ఎవడైనా చూడొచ్చు, చంటిపిల్లాడికైనా కనిపిస్తుంది.

అధికారి బావను అడిగాడు. బావ టోపీ తీసి తల తుడుచుకున్నాడు. "నన్నడుగుతారేమిటండీ, పెట్టింది అతను. పచ్చిక మీద అంతా అతనిదేనని అందరికీ తెలుసు" అన్నాడు. నావైపు చూడలేదు.

సెప్టెంబరు మధ్యలో స్విట్జర్లాండు పోటీ దగ్గర విచారణ. ఒక్కొక్కరినీ విడిగా అడుగుతారట. ఆటగాడు చేయించాడని తేలితే అతనికి జన్మలో మళ్ళీ ఆట లేదు. క్యాడీ తన బుద్ధితో చేశాడని తేలితే ఆటగాడి పేరు ఆ ఒక్క పోటీలోనే కొట్టేస్తారు, ఆ క్యాడీని మాత్రం ఇక ఏ మైదానంలోకీ సంచితో అడుగు పెట్టనివ్వరు. మొరేడోలో కూడా.

బావ రైలెక్కి ఇంటికి బయల్దేరాడు, నీ దగ్గరికే. నేను వ్యానులో ఉంటాను. అక్కా, నేను నిజమే చెబుతాను. నన్ను క్షమించు. నాకు ఇది తప్ప ఇంకో పని రాదు.

ఎలాదియో

*

మొరేడో,
సెప్టెంబరు

ప్రియమైన ఎలాదియో,

నువ్వు క్షేమమని తలుస్తాను. ఇక్కడ అమ్మ కులాసా. నాకు కాళ్ళు వాచాయి, డాక్టరు మంచం దిగొద్దన్నాడు.

ఫెర్మిన్ ఇంట్లోనే ఉన్నాడు. వచ్చిన దగ్గర్నుంచీ ముద్ద ముట్టలేదు. పొద్దున లేచి రాళ్ళ చివరిదాకా వెళ్ళి, అలలు కాళ్ళకు కొడుతున్నా అక్కడే నిలబడుతున్నాడు. పిలిస్తే వినపడనట్టు ఉంటున్నాడు. నిన్న అమ్మ వెళ్ళి చెయ్యి పట్టుకుని తీసుకొచ్చింది. "ఆట లేకపోతే నేనెందుకు" అన్నాడు ఆమెతో. ఊరికే అనే మనిషి కాదని నీకూ తెలుసు.

నేను చాలా ఆలోచించాను. నువ్వు గట్టివాడివి. ఒంటరివాడివి. నీ పని పోతే నువ్వు బతుకుతావు, ఓడరేవులో ఏదో ఒకటి దొరుకుతుంది. అతని ఆట పోతే అతను బతకడు. అతను పోతే ఈ బిడ్డ కూడా నిలవదు, నాకు తెలుస్తోంది. నిరుడు ఎలా జరిగిందో నువ్వు చూశావు.

వాళ్ళు అడిగినప్పుడు నీ అంతట నువ్వే చేశానని చెప్పు. ఒక్క మాట. ఆ తర్వాత నువ్వేం అడిగినా కాదనను.

భగవంతుడు నిన్ను చల్లగా చూడాలి.

రెమెదియోస్

*

స్విట్జర్లాండు కొండలు,
సెప్టెంబరు

అక్కా,

అయిపోయింది.

నిజం చెప్పాలనే లోపలికి వెళ్ళాను. బయట బల్ల మీద బావ కూర్చున్నాడు, గడ్డం గీసుకుని, ఇస్త్రీ చొక్కాతో. నన్ను చూసి లేవబోయి మళ్ళీ కూర్చున్నాడు. లోపల ముగ్గురు పెద్దమనుషులు. మధ్యలో ఆయన అడిగాడు: "బంతి జరపమని నీకెవరైనా చెప్పారా?"

నోరు తెరిచాను. నిరుడు నువ్వు వంటింటి గడపలో గోడ పట్టుకుని నిలబడిన రోజు గుర్తొచ్చింది. నీ మొహంలో నెత్తురు చుక్క లేదు, అయినా నన్ను చూసి "గాభరా పడకు" అన్నావు. "ఎవరూ చెప్పలేదు" అన్నాను వాళ్ళతో. ఆ పెద్దాయనకు నా మాట మీద నమ్మకం కుదరలేదు. కళ్ళద్దాలు తీసి, "నెమ్మదిగా ఆలోచించుకో బాబూ, మళ్ళీ అడుగుతాను" అన్నాడు. మళ్ళీ అడిగాడు. మళ్ళీ అదే చెప్పాను. సంతకం పెట్టమన్నారు, పెట్టాను.

బయటికి వస్తుంటే గుమస్తా పిలిచి నీ ఉత్తరం ఇచ్చాడు. ఆ పొద్దున్నే వచ్చిందట. మెట్ల మీద కూర్చుని చదివాను.

అక్కా, చదవకముందు నీకోసం నేను చేసిన పని అది. చదివాక నువ్వు చేయించిన పని అయిపోయింది. అడగకుండానే ఇచ్చేశాను కదా, ఎందుకడిగావు?

ఆ మాటలు నీవి కావని నాకు తెలుసు. ప్రియమైన ఎలాదియో అని నువ్వు నన్నెప్పుడు పిలిచావు? బావ పక్కనే కూర్చుని రాయించి ఉంటాడు. అవునని ఒక్క ముక్క రాయి. నాకది చాలు. ఓడరేవులో మూటలు మోసుకుంటూనైనా బతికేస్తాను.

ఇక్కడి పాలవాడి దగ్గర పనికి కుదిరాను. చిరునామా వెనక రాశాను.

లాడీ

*

మొరేడో,
అక్టోబరు చివర

ఒరేయ్ లాడీ,

మగపిల్లాడు. బాగున్నాడు, గట్టిగా ఏడుస్తున్నాడు. నేనూ లేచి తిరుగుతున్నాను. మీ బావ ఆఖరి పోటీలో గట్టెక్కి అరవైలో నిలిచాడు. ఇప్పుడు రెండు పూటలా తింటున్నాడు, ఈల వేస్తున్నాడు. క్లబ్బులో మేస్త్రి పనికి వేరేవాణ్ణి పెట్టారు. నీ గురించి ఎవరైనా అడిగితే అమ్మ అక్కణ్ణుంచి లేచి వెళ్ళిపోతోంది.

నీకు ఇన్నాళ్ళూ జవాబు ఎందుకు రాయలేదంటే, నువ్వు అడిగిన ఒక్క ముక్క రాయడం చాలా తేలిక కాబట్టి. రాసి చించేశాను. మళ్ళీ రాసి మళ్ళీ చించేశాను.

మీ బావ పక్కన లేడు. ఆ సమయానికి రాళ్ళ దగ్గర ఉన్నాడు. రాయమని నన్నెవరూ అడగలేదు. నేను ఉత్తరం రాశానని ఈ రోజుకీ అతనికి తెలియదు. నీకు మొదట రైలెక్కి రమ్మని రాసిందీ నేనే, తర్వాత ఇది రాసిందీ నేనే. నువ్వు పోతావని తెలిసే, నిన్ను పోగొట్టుకుని వీళ్ళిద్దర్నీ ఉంచుకుందామని రాశాను. నా పని ఇంకొకరి మీద పెట్టి నీ దగ్గర మంచిదాన్ని అనిపించుకోలేనురా.

ఆదివారం బాప్తిస్మం. పిల్లాడికి ఎలాదియో అని పేరు పెడదామన్నాడు మీ బావ. అందరి ముందూ అన్నాడు, కళ్ళనీళ్ళు పెట్టుకుని మరీ అన్నాడు. చుట్టాలంతా మెచ్చుకున్నారు. నేను కుదరదన్నాను. ఎందుకని అడిగారు, చెప్పలేదు. నీ దగ్గర ఇంకా మిగిలింది ఆ పేరొక్కటే, అది కూడా మా ఇంట్లో పెట్టుకోలేను.

రెమె